మొక్కజొన్న చేలో స్టీమరు

ఇప్పటికీ ఎవరైనా కదిపితే మా ఆయన ఒకటే మాట అంటాడు. "నేనెక్కడికీ పోలేదయ్యా, ఏటి మీదే ఉన్నాను. ఏరే పక్కకి జరిగింది." వట్టి అబద్ధమని కూడా అనలేం. ఆ వసంతంలో డెమోయిన్ ఏరు అలా పొంగింది మరి. గట్టేదో, పొలమేదో, తోపేదో తెలియకుండా ఎటు చూసినా బురదనీళ్ళే. తెల్లారేసరికి ఆ నీళ్ళు తీసేశాయి. లేచి చూసుకుంటే మా స్టీమరు ఎవరిదో చేలో, నిరుటి మొక్కజొన్న మోళ్ళ మధ్య కూర్చుని ఉంది.

అక్కడికెందుకు పోయామో చెప్పకపోతే మా ఆయన్ని పిచ్చివాడనుకుంటారు. మంచు కరిగాక ఫోర్ట్ డెమోయిన్ రేవుకి అందరికంటే ముందు చేరిన స్టీమరుకి ఆ ఊరివాళ్ళు గెలుపు గుర్తుగా దుప్పి కొమ్ములు కట్టి పంపేవారు. చలికాలమంతా ఉప్పుకీ కాఫీగింజలకీ మొహం వాచిన జనం కదా, ముందొచ్చిన పడవని నెత్తిన పెట్టుకునేవారు. తర్వాత వచ్చినవాడిని పలకరించే దిక్కుండదు. ఆ కొమ్ములు వరసగా బాస్కమ్ కెప్టెనే కొట్టుకుపోతున్నాడు. ఈసారి మా ముందు మలుపులో బాస్కమ్ పడవ పొగ కనిపించేసరికి మా ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఏరు అక్కడ గుర్రపు నాడాలా పెద్ద చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టు తిరక్కుండా, మునిగిన పొలాల మీదుగా అడ్డంగా కొడితే బాస్కమ్ ముందు తేలొచ్చు.

"అది పొలం, కెప్టెన్" అన్నాను. పెళ్ళయిన నాటి నించీ నేనూ ఆయన్ని కెప్టెన్ అనే పిలిచేదాన్ని.

"నీళ్ళున్న చోటల్లా ఏరే, కెజ్జీ" అన్నాడు.

సగం దాకా బాగానే పోయాం. అప్పుడు నీళ్ళ కింద కనబడని కొయ్యదడి ఒకటి అడ్డం తగిలి, పడవ దాని మీదికెక్కి కూర్చుంది. పొద్దుగూకేదాకా ముందుకీ వెనక్కీ ఎన్ని తిప్పలు పెట్టినా కదల్లేదు. ఓడలు బళ్ళవుతాయంటారు. మా ఓడ బండి కూడా కాలేదు, గడ్డివాములా కూలబడింది.

పడవ పేరు టబీతా. మా అత్తగారి పేరది. ఆవిడ పోయి చాలా కాలమైనా నా కాపురం మాత్రం అత్తగారింట్లోనే అని నేను నవ్వుతూ ఉండేదాన్ని. మాకు వేరే ఇల్లు లేదు. ఉన్నదంతా ఆ పడవే. అది మళ్ళీ ఏట్లో పడితే మా ఆయన కెప్టెను, పడకపోతే ఆయనెవరో ఆయనకే తెలియదు.

పొద్దున్నే ఒకావిడ బురదలో చకచకా నడుచుకుంటూ వచ్చింది. బూడిదరంగు గౌను, తలని మూసేసిన బూడిదరంగు టోపీ, భుజాన పార. పలకరింపు లేకుండా పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మా ముందు ఆగింది.

"ఇది ఎవరిది?"

మా ఆయన కోటు గుండీలన్నీ పెట్టుకుని, కిందికి దిగి, టోపీ తీసి వంగాడు. "కెప్టెన్ ఎలైషా కోబ్‌ని, అమ్మా. తమరికి కలిగిన శ్రమకి..."

"ఎలైషా, నా పేరు డెబోరా హోగ్. నువ్వు నా చేలో కూర్చున్నావు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రేవుల్లో గవర్నరుతో సమానంగా 'కెప్టెన్ గారూ' అనిపించుకున్న మనిషి. ఆవిడ తప్పేం లేదు. క్వేకరు మతస్థురాలు. దేవుడి ముందు అందరూ ఒకటేనని వాళ్ళు రాజునైనా రౌతునైనా పేరుతోనే పిలుస్తారు, నువ్వనే అంటారు.

"కెప్టెన్ కోబ్" అని ఆయన మెల్లిగా సర్దాడు.

"వినబడింది, ఎలైషా. పైనెల నేను విత్తనం వెయ్యాలి. ఈలోపల తీస్తావా?"

"నీళ్ళు రావాలి కదమ్మా! ఎత్తుకుపోవడానికి ఇదేమన్నా బుట్టా?"

"అయితే వచ్చేదాకా నీ చుట్టూ దున్నుకుంటాను. మా ఎడ్లు బెదురుతాయి, ఆ కూత మాత్రం కుయ్యకు." నావైపు తిరిగింది. "నీ పేరేమిటమ్మా? కెజయానా? రా, కెజయా. ఆవు ఇప్పుడే పాలిచ్చింది. వీళ్ళు మొగాళ్ళు, ఆ పడవకేసి చూస్తూ సాయంత్రం దాకా నిలబడగలరు."

నిజంగానే నిలబడ్డారు. ప్రయాణికులు మూటలు భుజానేసుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నడిచిపోయారు. పడవ మీది కూలీలు కిందికి పోయే తెప్ప చూసుకున్నారు. మిగిలింది ఇంజనుకి పెద్దదిక్కైన జర్మనువాడు గొట్లీబ్ ఒక్కడే. "నువ్వు పోవా?" అంటే బాయిలరుకేసి చూపించి, "దీన్ని ఎవరి మీద వదిలేసి పోను?" అన్నాడు. వారానికి ఓ మాట మాట్లాడే మనిషి. ఆ వారానికి అదే.

మా ఆయన రోజూ పొద్దున్నే ఏటిదాకా పోయి నీళ్ళ అంచున పుల్ల గుచ్చి వచ్చేవాడు. తర్వాత పైన చుక్కాని గదిలో కూర్చుని, పడమటి మబ్బుల్ని చూసేవాడు. జూన్‌లో ఎగువ వానలు పడితే ఇంకో పొంగు వస్తుంది. దాన్ని దాటిపోనిచ్చామా, ఎండలకి ఏరు ఎండిపోయి ఇసుకమేటలే మిగులుతాయి. చలికి పడవ చెక్కలు విచ్చుకుంటాయి. జూనే మాకు దిక్కు.

డెబోరా మా చుట్టూ దున్నింది. అన్నమాట ప్రకారం బెత్తెడు కూడా వదల్లేదు. ఎడ్లు మా వంటగది కిటికీ పక్కనించే పోయేవి. ఆ దుక్కి మట్టి వాసన నాకు పొద్దున్నే పొయ్యి దగ్గరికి వచ్చేది. ఏం చెప్పను, ప్రాణం లేచివచ్చేది! కాపురానికొచ్చిన నాటి నించీ నా కాళ్ళ కింద కదలని నేల లేదు. ఏ రేవులోనూ ఎవరి పేరూ తెలుసుకునేంత సేపు ఆగింది లేదు. అడగకుండానే డెబోరా నాకు దోసెడు చిక్కుడు గింజలిచ్చింది. పడవ పక్కన పాదు చేసి గుచ్చాను. మొలకలు మట్టిని నెత్తిన పెట్టుకుని పైకి లేచిన రోజు, ఎవరూ లేకుండా చూసి, కాసేపు ఏడ్చాను. అంత సంతోషం వేసింది.

బాస్కమ్ కొమ్ములు కట్టుకుని కిందికి దిగివచ్చాడు. తోపు సందుల్లోంచి వాడికి మేం కనబడతాం. పనిగట్టుకుని పడవ ఆపించి, కేక దూరం వినబడే బాకా నోటికి పెట్టుకున్నాడు.

"కోబ్! కలుపు తీయడం అయిందా?"

ప్రయాణికులు విరగబడి నవ్వారు. మా ఆయన తింటున్న రొట్టె పళ్ళెంలో పడేసి పైకి పోయాడు.

"నవ్విన నాపచేనే పండుతుందిలెండి" అని కింద నించి కేకేశాను.

"పండేది డెబోరా చేను! మనకేం పండుతుంది?"

వారం తిరక్కముందే దానికి జవాబు కంచరగాడిదెక్కి వచ్చింది. దాని మీద ఎముకల గూడులాంటి మనిషి, పేరు అమాసా పెటిబోన్. ఎగువ ఊళ్ళో పిండిమర పెడుతున్నాడు. దానికి ఒహాయో నించి తెప్పించిన మరరాళ్ళ జత మా పడవలోనే ఉంది.

"నా రాళ్ళేవయ్యా, దొంగల్లారా!" అంటూనే దిగాడు. సరుకుల మధ్య గోనెపట్టాల కింద రాళ్ళు చూసుకుని, వాటి మీద చెయ్యేసి కూలబడ్డాడు. "మీరు వేళకి తెచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు.

"ఏమయింది?" అన్నాడు మా ఆయన.

"వేళకి తెచ్చి ఉంటే ఇవీ పోయేవి. వరదకి ఆనకట్ట పోయింది, మర పోయింది, కప్పు పోయింది. ఊరంతా గింజలున్నాయి, పిండి లేదు. పిల్లలు మొక్కజొన్నలు ఉడకేసుకుని మింగుతున్నారు."

అతనికి కాఫీ పోసిస్తూ గొట్లీబ్‌కేసి చూశాను. గొట్లీబ్ పడవ వెనక చక్రానికేసి చూస్తున్నాడు. నేల మీద కూర్చున్నా చక్రం గాలిలోనే ఉంది, ఆవిరి పెడితే తిరుగుతుంది.

"ఈయన రాళ్ళు, మన ఆవిరి" అన్నాను. "చక్రం ఇరుసుకి తోలుపట్టీ వేస్తే రాయి తిరగదూ?"

"తిరుగుతుంది" అన్నాడు గొట్లీబ్.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "స్టీమరుని పిండిమర చేస్తావా? మా అమ్మ పేరున్న పడవని?"

"మీ అమ్మగారు జన్మంతా పిండి పిసికే మిమ్మల్ని పెంచింది కదా, కెప్టెన్."

పెటిబోన్ కిసుక్కున నవ్వి, మా ఆయన మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు. మా ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరుకు ఆసామి ఒప్పుకుంటేనే. కోబ్ పడవలో పరాయివాడి సరుకుని ఈనాటిదాకా ఎవడూ ముట్టుకోలేదు."

"ఆసామిని నేనేగా, ముట్టుకో!" అన్నాడు పెటిబోన్.

అలా మొదలయింది. గొట్లీబ్‌కీ పెటిబోన్‌కీ ఒక్క క్షణం పడేది కాదు. ఒకడు మాట్లాడడు, ఇంకోడు ఆపడు. అయినా రాళ్ళు ముందు తట్టు బల్లల మీద కుదిరాయి. డెబోరా ఎడ్లు పీపాలతో ఏటినీళ్ళు మోశాయి. మొదటి పిండి వెచ్చగా తొట్టిలోకి జారినప్పుడు పెటిబోన్ బొటనవేలితో నలిపి చూసి, ఒక్కసారికి నోరు మూసుకున్నాడు. ఆ పూట రొట్టె నేనే కాల్చాను. డెబోరా వెన్న తెచ్చింది. బురద మెట్ల మీద వరసగా కూర్చుని, చేతులు కాలుతున్నా ఆగకుండా తిన్నాం.

కబురు ఎలా పాకిందో పాకింది. ఎనిమిదో వంతు గింజ మరకి, మిగతాది మీకు అనేసరికి ఎక్కడెక్కడి బళ్ళూ వచ్చాయి. పెల్లా ఊరి డచ్చివాళ్ళు చెక్క బూట్లతో, ఇండియానా వాళ్ళు కుక్కలతో, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు. వంతు రావాలంటే రెండు పూటలు ఆగాలి. అందుకని చెట్ల కింద వంటలూ, ఫిడేళ్ళూ. వాళ్ళ మతంలో పాటలు వినకూడదు కాబట్టి డెబోరా ఆ వేళకి కోళ్ళని మూయడానికి పోయేది. కోళ్ళగూడు మాత్రం ఫిడేలుకి దగ్గర్లోనే ఉండేది.

మా ఆయన మొదట్లో పైనించి దిగలేదు. ఒకనాడు రెండు బళ్ళు ఇరుక్కుని, ఎడ్లు కుమ్ములాడుకుని, పెటిబోన్ ఎగిరెగిరి పడుతుంటే ఇక ఉండబట్టలేక బాకా తీశాడు.

"ఆ తెల్లెడ్ల బండీ! వెనక్కి! ఎడమకి కొట్టు, ఎడమకి! డచ్చాయనా, నీ ముక్కు ఏటివైపు పెట్టు! ఆఁ, ఇప్పుడు రా!"

బళ్ళు సాఫుగా జరిగాయి. ఆ రోజు నించీ బళ్ళన్నీ పడవలే, పొలమంతా రేవే. ఎవరికి తొందరో, ఎవరింట్లో బాలెంత ఉందో కనుక్కుని ముందు పంపేవాడు. రాత్రి భోజనం దగ్గర నాకు కథలు కథలుగా చెప్పేవాడు. "ఆ ఎర్రగడ్డం వాడు లేడూ, వాడి పెద్దకూతురికి పెళ్ళిట." ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన నోట ఒక మనిషి ఇంటి సంగతి వినడం అదే మొదలు. అంతా చెప్పి చివర్న, "జూన్ దాకే అనుకో" అనేవాడు.

జూన్ వచ్చింది. మొక్కజొన్న మోకాలెత్తయింది. నా చిక్కుడు తీగ పడవ కమ్మీలకి పాకి పూత పట్టింది. అడవి స్ట్రాబెర్రీలు ఏరుతూ డెబోరాతో అనేశాను.

"ఇక్కడే ఉండిపోవాలనుంది, డెబోరా. ఆ పొంగు రాకూడదని కోరుకుంటున్నాను. ఎంత పాపిష్ఠిదాన్నో చూడు."

"ఎలైషాకి చెప్పావా?"

"చెప్పను. ఏటివాడని తెలిసే కదా చేసుకున్నాను. ఇప్పుడు ఏరొద్దంటే మనిషి ఎండిపోతాడు. నాకోసమని ఉండిపోయి, రోజూ ఆ తోపు సందులకేసి చూస్తుంటే నేను చూడగలనా?"

"మా ప్రార్థనకి వచ్చి చూడు. గంటసేపు అందరం నోరు మూసుకుని కూర్చుంటాం" అంది. "ప్రార్థనలో అది బాగుంటుంది. కాపురంలో బాగోదు."

నేను మాత్రం చెప్పలేదు.

ఎగువ వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం, మర గిరగిరా తిరుగుతుండగా, చేలో పల్లపు దారెంట నీళ్ళు పాములా జరజరా వచ్చాయి. చూస్తుండగానే పాదు మునిగింది. పెటిబోన్ రాయి ఆపేశాడు. గట్టు మీది జనం బళ్ళు మెరకకి తోలుకున్నారు. సాయంత్రమయ్యేసరికి టబీతా ఒక్కసారి మూలిగి, ఒళ్ళు విరుచుకుంది.

"తేలుతోంది!" అని అరిచాడు మా ఆయన. ఆ గొంతు విని నాకే ఒళ్ళు పులకరించింది. పదేళ్ళు తగ్గిన మనిషిలా పైకి పరిగెత్తాడు. "గొట్లీబ్! ఆవిరి! డెబోరా, నీ పల్లపు సాళ్ళు పోతాయి!"

"అవి నీళ్ళకెప్పుడో పోయాయి! నువ్వు పో, ఎలైషా!" అని గట్టు మీంచి ఆవిడ కేక.

చక్రం నీళ్ళని కొట్టింది. పడవ వెనక్కి జరిగింది. కమ్మీలకి అల్లుకున్న నా తీగ సాగి, సాగి, పూతతో సహా పటపటా తెగింది. చూడలేకపోయాను. భుజాన ఉన్న పాత శాలువా నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. తలెత్తితే పైనించి మా ఆయన చూస్తున్నాడు.

"ఏం, కెజ్జీ?"

"పొగ, కెప్టెన్. కళ్ళలో పడింది."

పొగ నాకు అవతలివైపు పోతోంది. ఆయన ఆ పొగకేసి ఓసారి చూసి, చుక్కాని పట్టుకున్నాడు. పల్లం దాటి, తోపు దాటి, ఏట్లోకి వచ్చేశాం. నిండుగా, వెడల్పుగా, దారి తెరిచి ఉంది ఏరు. దిగువ మలుపులో బాస్కమ్ పొగ లేచింది. వాడు ఇంకా కిందే ఉన్నాడు. ఇప్పుడు ఒక్క కూత కూసి కదిలితే ఫోర్ట్ డెమోయిన్‌కి మేమే ముందు.

మా ఆయన చెయ్యి కూత తాడు మీద ఉంది. గట్టు మీద జనం వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ గింజల మూటలు మా పడవలో ఉన్నాయి. చంకలో పిల్లతో ఒకావిడ ఊరికే చూస్తోంది.

ఆయన తాడు వదిలేసి చుక్కాని తిప్పాడు. టబీతా మెల్లిగా మొహం తిప్పుకుని, డెబోరా గట్టుకి వచ్చి ఆనింది.

"జనం గింజలు పట్టుకుపోతే దొంగలంటారు" అన్నాడు దిగుతూ. "మూటలు అయిపోగానే పోదాం."

తాళ్ళు రెండు చెట్లకి కట్టారు. అప్పుడు గొట్లీబ్ వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"చక్రం ఇప్పుడు నీళ్ళలో ఉంది, కెప్టెన్. రాయి తిప్పితే పడవ పోతానంటుంది. తాళ్ళు తెగుతాయి. ఆడించాలంటే చక్రానికున్న పలకలన్నీ విప్పాలి."

అంత పొడుగు మాట అతను ఎన్నడూ అనలేదు. పలకలు లేని స్టీమరు నీళ్ళని కొట్టలేదు, ఎక్కడికీ పోలేదు. మళ్ళీ బిగించడమంటే ఒక పూట పని కాదు. ఈలోగా పొంగు తీసేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, పెటిబోన్‌కి తెలుసు, మా ఆయనకి అందరికంటే బాగా తెలుసు.

బాస్కమ్ పడవ నురగలు కక్కుకుంటూ మా పక్కకి వచ్చింది. "కోబ్! తేలావే! పందెం వేద్దామా, రా!"

మా ఆయన బాకా తీసుకున్నాడు. "మూటలున్నాయిరా! నువ్వు పో!"

బాస్కమ్‌కి అర్థం కాలేదు. కూత కూసుకుంటూ మలుపు తిరిగిపోయాడు. మా ఆయన ఆ పొగ చెదిరేదాకా చూసి, గొట్లీబ్‌తో, "విప్పు" అన్నాడు. "జాగ్రత్తగా పేర్చు. మళ్ళీ బిగించాలిగా" అని చేర్చాడు.

పొద్దు వాలుతుండగా రాయి మళ్ళీ తిరిగింది. గట్టు బురదగా ఉంది. మూటలు మోసేవాళ్ళు జారిపడుతున్నారు. ఎవరూ చెప్పకుండానే మా ఆయన పేర్చిన పలకల్లోంచి మంచివి చూసి కొన్ని తెచ్చాడు. పడవ అంచు నించి గట్టు దాకా, గట్టు మీద డెబోరా చేలోకి పోయే బాట దాకా, మెట్లు వెయ్యడం మొదలుపెట్టాడు. సుత్తి దెబ్బలు విని నేను బయటికొచ్చాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, మేకుల్ని తలలదాకా దిగ్గొడుతున్నాడు.

"అంత లోతుగా కొడుతున్నారేం, కెప్టెన్?" అన్నాను. "మళ్ళీ ఊడదియ్యాలిగా?"

ఆయన నోటి నిండా మేకులున్నాయి. నాకేసి చూశాడు. ఇంకో మేకు తీసి, దాన్నీ తలదాకా దిగ్గొట్టాడు.